హార్డ్ డిస్క్ ఎవరు తీశారు?

పొద్దున్నే గది ఊడుస్తుంటే చీపురుకు స్క్రూ ఒకటి తగిలింది. అత్తగారు వంగి బల్ల కిందికి చూశారు. చెడిపోయి మూలపడ్డ కంప్యూటరుకు పక్క రేకు ఊడి ఉంది. లోపల హార్డ్ డిస్క్ ఉండాల్సిన చోట రెండు వైర్లు వేలాడుతున్నాయి.

మామగారి గొంతు ఆ డిస్కులోనే ఉంది. బడి మైదానం దద్దరిల్లేలా డ్రిల్లు చేయించి, మైకు మాస్టారనిపించుకున్న మనిషి ఆయన. మనవరాలి కోసం ఎక్కాలు పాడి అందులో రికార్డు చేశారు. గొంతుకు ఆపరేషన్ అయ్యాక ఇప్పుడు మిగిలింది గుసగుసే.

అనుమానం కోడలి మీదికి పోయింది. ఆ ఇంట్లో చెంచా కనబడకపోయినా ముందు అటే పోతుంది. పైగా నిన్న ఏదో చిన్న అట్టపెట్టె బ్యాగులో దాచుకుని వెళ్లింది, పెద్ద పెట్టెతో తిరిగొచ్చింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

కోడలు ల్యాబులో ఉద్యోగానికి బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటోంది.

"ఆగు. డిస్కు ఎవరికి అమ్మావు?"

"నేనమ్మడమేంటత్తయ్యా? తీసి దాచింది మీరేగా!"

"నేనా? నాకు బల్బు మార్చడమే రాదు."

"మరి మీ కుట్టుమిషను స్క్రూడ్రైవరు పట్టుకుని నిన్న ఆ గదిలోంచి వచ్చిందెవరు?"

"బల్ల మీద పడుంటే తెచ్చుకున్నాను. మాట మార్చకు. నిన్నటి పెట్టె సంగతి చెప్పు."

కోడలు విసురుగా లోపలికెళ్లి పెట్టె తెచ్చి తెరిచింది. అందులో ఖాళీ కేసు, ఒక వైరు, అడాప్టరు.

"కంప్యూటర్ పోయినా డిస్కు బాగానే ఉండొచ్చు. దాన్ని ఇందులో బిగించి నా ల్యాప్‌టాప్‌కి పెడదామనుకున్నా. మొదట తెచ్చిన కేసు చిన్నది, మన డిస్కు పట్టదు. నిన్న మార్చుకొచ్చా. తీరా చూస్తే డిస్కే లేదు! అడిగితే గొడవని నోరు మూసుకున్నా."

"అంటే నన్ను దొంగననుకున్నావా?"

"మీరు నన్ననుకోలేదా?"

అంతలో మామగారు గదిలోంచి వచ్చారు. చేతిలో డ్రిల్లు రోజుల నాటి కాన్వాసు బూటు. అందులోంచి మేజోడు లాగారు, మేజోడులోంచి డిస్కు తీశారు.

"నేనే తీశా."

"ఆఁ?" అన్నారు అత్తగారు అలవాటుగా.

"చూశావా? ఏం చెప్పినా ఆఁ అంటావు." ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. "ఆ పాత గొంతు ఒక్కసారి వింటే చాలని మీ చెల్లెలితో ఫోన్లో అన్నావు. అది దొరికితే ఇక ఈ గుసగుసల మనిషితో నీకేం పని?"

ఈసారి ప్రతి మాటా వినబడింది. ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

"అదేం మాటండీ! ఆ డిస్కు ఎక్కాలు అప్పజెబుతుంది గానీ, నేను తిడితే తిరిగి తిడుతుందా?" తర్వాత కోడలి వైపు తిరిగారు. "కానివ్వమ్మా. ల్యాబులో ఆలస్యమెందుకని అడిగితే, మా అత్త దొంగతనం అంటగట్టిందని చెప్పు."

కోడలికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

మామగారే డిస్కును కేసులోకి తోశారు. అత్తగారు కుట్టుమిషను స్క్రూడ్రైవరు అందించారు, ఊడ్చిన స్క్రూ కూడా ఇచ్చారు. కోడలు అడాప్టరు పెట్టి, వైరు ల్యాప్‌టాప్‌కి తగిలించింది. లోపల డిస్కు సన్నగా తిరగడం మొదలైంది. కోడలు ఎక్కాల రికార్డు వెతికి నొక్కింది.

"రెండొకట్ల రెండు!"

కిటికీ రెక్కలు అదిరాయి. మామగారు ముందు ఉలిక్కిపడ్డారు. తర్వాత పెదవులు కదిపి, ఉన్న కాస్త గొంతుతోనే వంత పాడారు. "రెండ్రెళ్లు నాలుగు..."

అత్తగారు కుర్చీ ఆయన పక్కకు జరుపుకుని చెవి అటు ఒగ్గారు.

"ఆ పెట్టె గొంతు కాస్త తగ్గించమ్మా," అన్నారు కోడలితో. "మీ మామయ్య పాడేది వినబడటం లేదు."