నీళ్లు మాత్రం ఆపకండి

ఊరందరికీ చల్లదనం పంచే మెకానిక్ ఇంట్లో ఏసీ లేదు. ఉన్నదల్లా కిర్రుకిర్రుమనే సీలింగ్ ఫ్యాను ఒకటి. భార్య ఎప్పుడైనా దెప్పితే, "పొద్దస్తమానం దాంతోనే కాపురం చేస్తున్నాను, ఇంటికొచ్చాక కూడా దాని మొహమే చూడమంటావా?" అని తప్పించుకునేవాడు. ఆ ఆదివారం ఉదయం ఆ ఫ్యాను కిందే ఇద్దరు మగవాళ్లు చెరోవైపు తిరిగి కూర్చుని టీ తాగారు. ఒకడు మెకానిక్. రెండోవాడు అతని బావమరిది. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు, పనిలో అతనికి జోడీ.

ఇద్దరికీ మాటల్లేవు. కిందటిసారి ఒక ఆఫీసులో బావమరిది నీళ్ల బకెట్‌ని కరెంటు పెట్టె కింద వదిలేశాడు. అది చూసి మెకానిక్ పదిమందిలో "బుర్రుందా నీకు? చచ్చేవాడివి నువ్వొక్కడివే చావు, నన్ను చంపకు" అని అరిచాడు. బావమరిది చేతిలో ఉన్న పానాని నేలకేసి కొట్టి వెళ్లిపోయాడు. అంత మాట అనకుండా ఉండాల్సిందని మెకానిక్‌కి ఆ సాయంత్రమే అనిపించింది. కానీ ఆ ముక్క పైకి అనాలంటే అతనికి ప్రాణం పోయినంత పని.

"అమ్మానాన్న పోయాక నాకంటూ మిగిలింది వాడొక్కడే," అంది భార్య, కప్పులు తీస్తూ. "ఇవాళ ఇద్దరూ కలిసి వెళ్లండి. వాణ్ణి ఎలా తీసుకెళ్తున్నారో అలాగే నాకు తెచ్చి అప్పగించండి. అలా మూతులు ముడుచుకునే తిరిగొచ్చారంటే మాత్రం ఇద్దర్నీ గడప తొక్కనివ్వను."

వాళ్లు వెళ్లాల్సింది పాత వాద్యాలు దాచిపెట్టే గోదాముకి. నేలమాళిగలో కిటికీలు లేని పెద్ద గది. వరసగా అరలు, అరల నిండా చెక్కతో చేసిన తీగ వాద్యాలు. గాలి పొడిబారితే చెక్క పగులుతుంది. అందుకని పక్క గదిలో హ్యుమిడిఫైయర్ పెట్టారు. నీళ్లు కాచి ఆ ఆవిరిని డక్టులోకి, అంటే గదిలోకి గాలి తెచ్చే రేకు గొట్టంలోకి, ఊదే పెట్టె అది. అది ఆగకుండా పనిచేస్తూనే ఉంది. అయినా గదిలో గాలి మాత్రం ఎండుగడ్డిలా ఉంటోందని ఫిర్యాదు.

గోదాము చూసుకునే కేర్‌టేకర్ గుమ్మంలోనే ఎదురైంది. పుల్లలా ఉన్న మనిషి. మెడలో తాడుకి నీళ్ల సీసా వేలాడుతోంది, రెండు మాటలకోసారి గుటక వేస్తోంది. పెదాలకి నూనె దట్టంగా పట్టించి ఉంది.

"ఏం చేసినా చెయ్యండి, నీళ్లు మాత్రం ఆపకండి," అంది.

మెకానిక్‌కి నవ్వొచ్చింది. "నీళ్లు ఆపకుండా దాన్ని ఎలా విప్పుతానమ్మా? నడిచే బండికి చక్రం మార్చమన్నట్టుంది మీరు చెప్పేది."

"అయితే లోపలున్న బకెట్లు కదపకండి."

అతను పనిసంచీ భుజానికెత్తుకున్నాడు. ఆమె ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "మీరిద్దరూ ఒకే ఇంటివాళ్లా?"

"మా బావమరిది. మాతోనే ఉంటాడు."

"మీ ఇంట్లో కుళాయి నీళ్లు బాగా వస్తాయా?"

ఇదేం ప్రశ్న అనుకున్నాడు మెకానిక్. వస్తాయని చెప్పాడు. ఆమె తలూపి, తాళాలు అతని చేతిలో పెట్టి, బయట ఎండలో కుర్చీ వేసుకుని కూర్చుంది. లోపలికి మాత్రం రాలేదు.

గదిలో అడుగు పెట్టగానే నాలుక అంగిలికి అంటుకుపోయింది. ఏదో వాసన... ఎండిన కొబ్బరిపీచు వాసనలాంటిది, దాని వెనక మనిషి నోటి వాసన. జ్వరపడి లేచినవాడి నోటి వాసన. గది మూలమూలకీ నీళ్ల బకెట్లు. పైన డక్టు జాలీలోంచి ఆవిరి తెల్లగా దిగుతోంది, కానీ కిందదాకా రావడం లేదు. మనిషెత్తుకి వచ్చేసరికి మాయమైపోతోంది.

గాలిలో తేమ కొలవడానికి మెకానిక్ దగ్గర ఒక పాత పద్ధతి ఉంది. థర్మామీటరు మొనకి గుడ్డ వత్తి చుట్టి, నీళ్లలో ముంచి వేలాడదీస్తాడు. గాలి ఎంత పొడిగా ఉంటే వత్తి అంత తొందరగా ఆరుతుంది. వత్తి తడిపి, అర అంచుకి తగిలించి, సంచీలోంచి టార్చి తీసుకుని ఇటు తిరిగాడు. అంతే. వత్తి ఎండిపోయింది. ఆరిన గుడ్డ వదులుగా ఉండాలి. ఇది అణిగిపోయి బల్లపరుపుగా ఉంది. వేళ్లతో పిండినట్టు లేదు. ఎవరో పెదాల మధ్య పెట్టుకుని జుర్రినట్టుంది.

బావమరిది అటు తిరిగి నిలబడి ఉన్నాడు. 'నా మీద కసితో వెధవ వేషాలు వేస్తున్నాడు' అనుకున్నాడు మెకానిక్. అలా అనుకోవడమే అతనికి సుఖంగా ఉంది.

ఈలోగా బావమరిది, ఎవరూ చెప్పకుండానే, ఒక్కో బకెట్ తీసుకెళ్లి బయట తూములో ఒంపేశాడు. కరెంటు దగ్గర నీళ్లు ఉంచకూడదు కదా మరి! తిట్టింది బావే కదా! ఖాళీ బకెట్లన్నీ మెకానిక్ కళ్లముందే దభీమని బోర్లించాడు. మెకానిక్ చూశాడు. కేర్‌టేకర్ మాట గుర్తుంది కూడా. అయినా పని తెలిసినవాడు ఎవడైనా అదే చేస్తాడనుకున్నాడు. పైగా తన మాట ఇన్నాళ్లకి వాడి చెవికెక్కినందుకు లోలోపల సంతోషించాడు.

మాటల్లేకుండా పని సాగడానికి వాళ్లకొక పాత అలవాటు అక్కరకొచ్చింది. ఒకరు గదిలో, ఒకరు మిషన్ దగ్గర ఉన్నప్పుడు డక్టు రేకు మీద పానాతో కొట్టుకుంటారు. ఒక దెబ్బకి ఆపు. రెండు దెబ్బలకి తెరువు. బావమరిది గదిలో జాలీ శుభ్రం చేయడానికి నిచ్చెన ఎక్కాడు. మెకానిక్ పక్క గదిలోకి వెళ్లి, కరెంటు తీసేశాడు. గదిలో దీపాలూ దాని మీదే ఉన్నాయి, అవీ ఆరిపోయాయి. తర్వాత నీళ్ల వాల్వు బిగించాడు.

ఆవిరి చప్పుడు ఆగింది. ఇన్నాళ్లుగా ఒక్క క్షణం కూడా ఆగని చప్పుడు అది.

అతను నీళ్లు కాగే డబ్బాని విప్పి, లోపల పేరుకున్న సున్నం గీకడం మొదలుపెట్టాడు. కాసేపటికి గోడకి అవతల ఏదో పగిలింది.

టక్.

చెక్క. కాస్త ఆగి ఇంకొకటి. తర్వాత తీగ తెగిన చప్పుడు, టుంగ్‌మని. ఆ వెనకే మరో తీగ. అరలు ఏ వరసలో ఉన్నాయో ఆ వరసలోనే తెగుతున్నాయి. గది చివరి నుంచి మొదలై నిచ్చెన వైపుకి.

టక్ టక్... డక్టు మీద రెండు దెబ్బలు. తెరువు.

'నాకే ఆర్డర్లా? ఇంకా డబ్బా విప్పే ఉంది, ఆగు' అనుకున్నాడు మెకానిక్. గీకుతూనే ఉన్నాడు.

టక్ టక్. టక్ టక్. టక్ టక్...

"బావా."

డక్టులోంచి వచ్చింది ఆ మాట. గుసగుసలా, ఎండుటాకు నలిగినట్టు. గొడవ తర్వాత వాడు పిలవడం ఇదే మొదటిసారి. మెకానిక్‌కి కోపం చల్లారలేదు సరికదా, గెలిచినట్టనిపించింది. దిగొచ్చాడు. ఇంకో రెండుసార్లు పిలవనీ.

"బావా... నీళ్లు తెరువు."

అతను ఇంకాస్త గట్టిగా గీకాడు.

"ఇక్కడ... ఎవరో ఉన్నారు బావా. నా మొహం... నాకుతోంది..."

ఆ తర్వాత మాట లేదు. చప్పుడు మాత్రం ఉంది. పిల్లి గిన్నె అడుగు నాకినట్టు, గరగరమని, ఓపిగ్గా.

మెకానిక్ చేతిలోని డబ్బా అప్పటిదాకా తడిగా ఉంది. చూస్తుండగానే తెల్లగా ఆరిపోయింది. నేల మీద ఒలికిన నీళ్లు అంచుల నుంచి ముడుచుకుంటూ, పల్లం వైపు కాకుండా, గోడ వైపు పాకాయి. గోడ కింద సందులోకి పోయాయి. చేతుల మీది చెమట ఒక్కసారిగా ఇంకిపోయి చర్మం చుర్రుమంది. నోట తడి లేదు.

టక్ టక్.

ఈసారి దెబ్బలు అతని నెత్తి మీద పడ్డాయి. గదిలో కాదు. డక్టు లోపల... మనిషి పట్టని సన్నటి భాగంలో.

అతను వాల్వు వైపు దూకాడు. కానీ తెరిచి ఏం లాభం? డబ్బా విప్పి ఉంది. అది బిగించి, నీళ్లు నిండి, కాగి, ఆవిరి కావాలి. అంతదాకా వాడు ఉండడు. చేతికందిన బకెట్‌ని మిషన్ పక్కనున్న కుళాయి కింద పెట్టాడు. ధార పడుతోంది, బకెట్ నిండుతోంది. 'ఎలా తీసుకెళ్తున్నారో అలాగే అప్పగించండి.' భార్య మాట తలలో సుత్తితో కొట్టినట్టు మోగుతోంది. సగం నిండగానే పట్టుకుని పరిగెత్తాడు.

గది తలుపు రాలేదు. తాళం లేదు, గడియ లేదు. లోపలి నుంచి గాలి పీల్చి పట్టుకున్నట్టుంది. కాలు గోడకి తన్ని లాగితే, మనిషి ఊపిరి వదిలినట్టు హా... మని తెరుచుకుంది.

టార్చి వెలుగులో బావమరిది నిచ్చెన కింద వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి, రెప్ప వాలడం లేదు. పెదాలు బీటలు వారాయి. బుగ్గలు లోపలికి పోయాయి. మొహం మీద ఏమీ లేదు. కానీ చెంప చర్మం మాత్రం ఒక వారగా సాగుతోంది, ఆగుతోంది. మళ్లీ సాగుతోంది.

మెకానిక్ బకెట్‌లోని నీళ్లు విసిరాడు.

నీళ్లు నేల మీద పడలేదు.

గాలిలోనే ఆగాయి. ఆగి, ఇరుకైన గొట్టంలోకి జారినట్టు సన్నగా, మెల్లగా కిందికి దిగాయి. గుటక. మళ్లీ గుటక. ఒక్క క్షణం ఆ గొంతు ఎంత పొడుగుందో అతనికి కనబడింది. పైకప్పు దగ్గర మొదలైంది అది. నేల దగ్గరికొచ్చాక కూడా అయిపోలేదు.

తర్వాత నీళ్లు లేవు, చీకటి ఉంది. ఆ చీకటిలో ఏదో అతని వైపు తిరిగింది.

బావమరిది చంకల కింద చేతులు వేసి, వెనక్కి చూడకుండా ఈడ్చుకుంటూ మెట్లెక్కాడు. మొహాన మధ్యాహ్నపు ఎండ కొట్టింది. కేర్‌టేకర్ కుర్చీలోంచి లేవలేదు. ఏమైందని అడగలేదు. ఒక్కసారి గాలి పీల్చి, నాలుకతో పెదాలు తడుముకుంది. మెడలోని సీసాకి మూత బిగించింది. అంతే.

హాస్పిటల్లో సెలైన్ ఎక్కించారు. ఒంట్లో నీరు బొత్తిగా తగ్గిందని, ఉక్కలో పనిచేసేవాళ్లకి మామూలేనని చెప్పి సాయంత్రానికల్లా పంపేశారు. దారిలో మెకానిక్ బండి పక్కకి ఆపాడు. "తప్పు నాదేరా. ఆ రోజూ నాదే, ఇవాళా నాదే. పిలిస్తే పలక్కుండా కూర్చున్నాను," అన్నాడు. కళ్లు మండాయి గానీ నీళ్లు రాలేదు. బావమరిది అతని చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి వేడిగా, కాగితంలా ఉంది. అయినా బతికున్న చెయ్యి. మెకానిక్‌కి అది చాలనిపించింది.

ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని రావడం చూసి భార్య మొహం విప్పారింది. కంగారు పడింది, తిట్టింది, తమ్ముడికి లోపలి గదిలో పక్క వేసింది. వాడు ఒక్క గ్లాసు తాగి నిద్రలోకి జారుకున్నాడు. ఆమె పక్కనే బల్ల మీద జగ్గు నిండా నీళ్లు పెట్టింది.

కాసేపటికి ఖాళీ జగ్గుతో బయటికొచ్చింది. "ఎంత దాహమో పాపం, అప్పుడే తాగేశాడు." నింపుకుని వెళ్లింది. మళ్లీ ఖాళీ జగ్గుతో వచ్చింది. మెకానిక్ లేచి గదిలోకి తొంగి చూశాడు. వాడు గోడ వైపు తిరిగి, ఎలా పడుకున్నాడో అలాగే ఉన్నాడు. పెదాల మీద బీటలు అలాగే పొడిగా ఉన్నాయి.

ఫోను మోగింది. కేర్‌టేకర్.

"చాలా బాగా చేశారు," అంది. ఆమె గొంతులో అలాంటి తియ్యదనం ఉంటుందని అతను అనుకోలేదు. "గది చల్లగా, హాయిగా ఉంది. గోడలకి చెమ్మ కూడా పడుతోంది."

"అమ్మా, నేను ఇంకా ఏమీ బిగించలేదు. మిషన్ విప్పే ఉంది."

"ఇక దాంతో పనిలేదు లెండి." మెల్లగా అడిగింది. "మీ ఇంట్లో నీళ్లు వస్తున్నాయి కదా?"

ఫోను పెట్టేసింది.

వంటగది గుమ్మంలో భార్య నిలబడి, నాలుకతో పెదాలు తడుపుకుంటోంది. కింది పెదవి మీద సన్నటి నెత్తుటి చీలిక. "ఏంటండీ ఇది, ఏసీ గదిలో కూర్చున్నట్టు నోరెండిపోతోంది?"

పైన ఫ్యాను కూడా తిరగడం లేదు.

మెకానిక్ పనిసంచీలోంచి థర్మామీటరు తీశాడు. వత్తిని కుళాయి కింద తడిపి, కుళాయి కట్టేసి, లోపలి గది తలుపు గొళ్లేనికి తగిలించాడు. ఈసారి చూపు తిప్పలేదు. చూస్తూ ఉండగానే వత్తి కొన మెల్లగా పైకి లేచింది... నిలువుగా ఆగింది... బల్లపరుపుగా అణిగిపోయింది.

వంటగదిలో గోడ వెంట పోయే నీళ్ల గొట్టం మీద ఎవరో కొట్టారు.

టక్ టక్.

అతను పరిగెత్తాడు. భార్యని వెనక్కి నెట్టి, కుళాయి పూర్తిగా తిప్పేశాడు. ధార తెల్లగా, బలంగా దూకింది. అతను కళ్లు గట్టిగా మూసుకుని, సింకు అంచు పట్టుకుని నిలబడ్డాడు.

నీళ్లు సింకులో పడిన చప్పుడు వినబడలేదు.