గెడ్డచేపల చలవ

“ఏటే అమ్మీ, ఆ కుర్రోడికి నోరుందా, లేదా?”

పెళ్ళిచూపులకొచ్చిన ఐజాక్ అలా గుమ్మం దాటి వెళ్ళాడో లేదో, సారమ్మ తన కూతురు దయావతి మీద పడింది. పాపం, ఆవిడ తప్పేం లేదు. పిల్లలిద్దరూ నాలుగు మాటలాడుకోవాలని అందర్నీ వరండాలోకి తోలేసి, తలుపు ఓరగా వేసింది. జేకేపూర్‌లో కొత్తగా కట్టిన కాగితం మిల్లు కాలనీ మొత్తం వెతికినా అంత మోడరన్ తల్లి దొరకదు!

లోపల ఏం జరిగింది? ఏమీ జరగలేదు. ఐజాక్ మూలనున్న చేపల గాజుతొట్టి వైపు చూస్తూ కూర్చున్నాడు. అందులోనూ ఎవరూ కనబడలేదు. కలకత్తాకి బదిలీ అయిన ఆఫీసరుగారు దయావతి తండ్రి ఎలీయాజరుకిచ్చిన సిక్లిడ్ చేపపిల్లలవి. మనిషి నీడ పడితే చాలు, రాళ్ళ చాటుకి దూరిపోతాయి.

“మీకు ఇష్టం లేదా?” అని చివరికి దయావతే అడిగింది. అతను గ్లాసుడు నీళ్ళు గటగటా తాగేసి, లేచి వెళ్ళిపోయాడు.

“ఇష్టం లేదనే దానర్థం. ఆదివారం పార్వతీపురం సంబంధానికి మాటిచ్చేస్తాను,” అంది సారమ్మ.

దయావతికి ఏడుపొచ్చింది. దాన్ని మించి ఆశ్చర్యమేసింది. చర్చి క్వయర్లో కప్పెగిరిపోయేలా పాడేది ఈ మనిషే కదా! అంతమంది ముందు లేని సిగ్గు, తనొక్కదాని ముందెందుకు?

మర్నాడు ఎలీయాజరు, తొట్టి బోసిగా ఉందని విసుక్కుంటూ, కాలనీ వెనక పారే గెడ్డలో తువ్వాలుతో చిన్నచేపలు పట్టి తెచ్చి అందులో వదిలాడు. అవి భయం భక్తీ లేకుండా తొట్టంతా తిరగడం మొదలెట్టాయి. దయావతి ఊపిరి బిగబట్టి చూస్తోంది. రాయి చాటునుంచి ఒక సిక్లిడ్ పిల్ల మూతి బయటపెట్టింది. దాని వెనక ఇంకోటి. కాసేపటికి అన్నీ బయటే! పక్కన బెదరని వాళ్ళుంటే వాటికీ ధైర్యమన్నమాట.

“అమ్మా! శనివారం ఆయన్ని మళ్ళీ పిలు. ఈసారి ఒక్కరు బయటికెళ్ళినా ఊరుకోను!”

శనివారం ఇల్లు సంతలా ఉంది. దయావతితో పనిచేసే నర్సు పుణ్యవతి, గెడ్డచేపల్ని చూసి సిక్లిడ్లు ఎలా బయటికొచ్చాయో చేతులు తిప్పుతూ అందరికీ చెబుతోంది. ఆ గోలలో ఐజాక్ రెండో గారె అందుకుంటూ, “మీ అమ్మాయంటే నాకు కిందటి క్రిస్మస్ నుంచీ ఇష్టమండీ,” అనేశాడు.

పుణ్యవతి చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

“మరి ఆవేళే సెప్పలేదేటి బాబూ?” అంది సారమ్మ.

“ఆవేళ మీరంతా బయటికెళిపోయేరు కదండీ!”

ఎలీయాజరు నవ్వాపుకోలేక దగ్గాడు. దయావతికి ఎగిరి గంతేయాలనిపించింది. కానీ ఇంకో అనుమానం వచ్చింది.

“పెళ్ళయ్యాక ఇంట్లో మనిద్దరమే ఉంటాం. అప్పుడేటి సేస్తారు?”

ఐజాక్ చెవులు ఎర్రబడ్డాయి. తొట్టి వైపు ఓసారి చూశాడు.

“ఆ గెడ్డచేపల్ని కూడా మనతో తీసికెళిపోదామండీ.”