బరువు పెరిగిన టైరు

గంటకు రెండు వందల నలభై కిలోమీటర్ల వేగంతో ఎడమ మలుపులోకి దూరిన స్పోర్ట్స్ కారు సగం మలుపు దాటాక తోక ఊపింది. ఒక్కసారే. ఆ తర్వాత అది కారు కాదు, బొంగరం. గోడను తాకేసరికి టెస్ట్ డ్రైవర్ ప్రాణం పోయింది.

పెద్దాయన వీడియో ఆపేశాడు. రహస్య విభాగానికి అధిపతి ఆయన. ఆ గదిలో కిటికీ ఉండదు, కుర్చీ మెత్తగా ఉండదు, ఆయన మాట అసలే మెత్తగా ఉండదు.

"రిపోర్టులో డ్రైవర్ తప్పని రాశారు. నువ్వేమంటావు, నత్తా?"

నత్త అనేది కోడ్ నేమ్. విభాగంలో అతన్ని మించిన డ్రైవర్ లేడు. కానీ మామూలు రోడ్డు మీద నలభై దాటడు, అందుకని ఆ బిరుదు.

"తోక జారితే స్టెబిలిటీ యూనిట్ పట్టుకోవాలి సార్. పట్టుకోలేదు."

"అదే నా అనుమానం. పుస్తకమంత పెట్టె అది. ఏ చక్రానికి ఎంత బ్రేకు వేయాలో రెప్పపాటులో తేల్చేస్తుంది. రేపు మన సైనిక వాహనాలన్నిటికీ దాన్నే బిగిస్తారు. ఒక విదేశీ ముఠా దాని మీద కన్నేసింది. ఇవాళే దేశం దాటించాలని ప్లాన్. లోపలి మనిషి ఎవరో తెలియదు. పెట్టె తాళం చెవి మాత్రం చీఫ్ ఇంజనీర్ దగ్గరే ఉంటుంది."

"ఆయన మా బావ సార్."

"తెలుసు. అందుకే నిన్ను పంపుతున్నాను. కొత్త టెస్ట్ డ్రైవర్‌గా వెళ్ళు. ముఠాలో మన ఏజెంట్ ఒకావిడ ఉంది, టైర్ల కంపెనీ మేనేజర్ వేషంలో. పేరు నెమలి. 'గాలి ఎంత?' అంటుంది. 'వానొచ్చేంత' అను. ఆవిడ ట్రక్కుని ఏ గేటు దగ్గరా ఆపకూడదని నేనే పాస్ రాసిచ్చాను."

నత్తకు స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది ఆ బావే. ఆయన చేతులకి బేడీలు వేసి, అక్క ముందుకు ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి? దారి పొడవునా నత్తకు ఇదే దిగులు.

టెస్ట్ ట్రాక్ గ్యారేజీలో కారు నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలున్నాయి. డ్రైవర్ని కూర్చోబెట్టి, నాలుగు మూలలా బరువు సరిచూడందే బావ కారుని కదలనివ్వడు. ఆయన పిచ్చి అందరికీ తెలిసిందే.

"జేబులు ఖాళీ చెయ్యరా."

నత్త తాళాలు, పర్సు, పెన్ను ట్రేలో వేశాడు. ఆ పెన్ను నిజానికి రేడియో. బావ దాన్ని అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు ఎగరేశాడు.

"ఇంత బరువేంటి?"

"ఇంకు కాస్త ఎక్కువ పోశాను బావా."

బావ నవ్వలేదు. చిన్న నోటు పుస్తకంలో ఏదో గీకి, గబుక్కున చొక్కాలోకి దోపేసుకున్నాడు. బావమరిది దగ్గర కూడా దాచుకోవాల్సిన రాతలేమిటో నత్తకు అంతుపట్టలేదు.

వార్మప్‌లో కారు బుద్ధిమంతురాలిలా నడిచింది. నాలుగు ల్యాపులయ్యాక టైర్లు మార్పించడానికి నెమలి వచ్చింది. ఆ గ్రీజు మరకల మధ్య మడత నలగని తెల్ల సూటు, నల్ల కళ్ళద్దాలు. మెకానిక్కులు చేతిలో పని మర్చిపోయారు. వాడిన టైర్లను రిమ్ములతో సహా ఆవిడ కంపెనీయే వెనక్కి పట్టుకుపోతుంది. అది ఎప్పటి నుంచో ఉన్న ఒప్పందం, కాబట్టి వాటి వంక ఎవరూ చూడరు.

"గాలి ఎంత?"

"వానొచ్చేంత."

నెమలి గొంతు తగ్గించింది. "మీ బావ రెండు నెలలుగా తెల్లవారకముందే వస్తున్నాడు. ఎవరూ లేనప్పుడు మా టైర్ల షెడ్డులో దూరుతున్నాడు. పాపం, మీ అక్కగారికి తెలుసో లేదో."

నత్త షెడ్డు వైపు చూస్తే బావ నిజంగానే అటూ ఇటూ చూసుకుంటూ బయటికొస్తున్నాడు.

పదకొండు గంటలకు అసలు ట్రయల్ మొదలైంది. ఎడమ మలుపులో స్పీడు ముల్లు రెండు వందల ముప్ఫై చూపించింది. తోక జారింది. యూనిట్ బయటి ముందు చక్రానికి చిన్న బ్రేకు తగిలించి ముక్కుని సరిచేయాలి. ఏమీ జరగలేదు. నత్త బ్రేకు ముట్టుకోకుండా, స్టీరింగ్‌ని జారే వైపే తిప్పి పట్టుకున్నాడు. గోడ అద్దం నిండా కనిపించి పక్కకి తప్పుకుంది. గోడ కంటే, బావ తనని చంపబోయాడా అన్న అనుమానమే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

గ్యారేజీలోకి రాగానే నత్త ఎదురొచ్చిన బావ కాలర్ పట్టుకున్నాడు.

"పెట్టె మార్చేశావు కదూ?"

"నేనా? నువ్వా?" బావ అరిచాడు. "అదేం పెన్నో చూద్దామని విప్పేశాను. లోపల రేడియో ఉంది! ఎవరి దగ్గర పనిచేస్తున్నావురా?"

"ప్రభుత్వం దగ్గర. తాళం తియ్యి."

పెట్టె చూడగానే బావ మొహం పాలిపోయింది. "ఇది నాది కాదు. నకిలీది. టైర్ల సెన్సార్ పేరు చెప్పి దీని పక్కనే రోజూ కూర్చునేది ఆ తెల్ల సూటావిడే. నా తాళం చెవికి నకలు చేయించి ఉంటుంది."

"నువ్వు ఆవిడ షెడ్డులో ఎందుకు దూరుతున్నావు?"

బావ నోటు పుస్తకం తీసి చేతిలో పెట్టాడు. పేజీల నిండా టైర్ల బరువులే. "చనిపోయినవాడు అలాంటి తప్పు చేసే మనిషి కాదురా. టైర్లలో ఏదో ఉందని వచ్చేవీ పోయేవీ తూస్తున్నాను. వార్మప్‌లో వాడిన నాలుగో టైరు చూడు, నువ్వు ట్రయల్‌లో ఉండగా తూచాను. కారుకి వెళ్ళేటప్పుడు ఇరవై కిలోలు. షెడ్డుకి తిరిగి వచ్చాక ఇరవై కిలోల ఎనిమిది వందల గ్రాములు. ఎక్కడైనా అరిగిన టైరు బరువు పెరుగుతుందా?"

పోయిన డ్రైవర్ మీద జరిగింది, నకిలీ పెట్టె బిగించి చూసుకున్న రిహార్సలన్నమాట. ఇద్దరూ ఒకేసారి షెడ్డు వైపు తిరిగారు. ట్రక్కు లేదు.

వెనక గేటు అవతల ప్రైవేటు రన్‌వే ఉంది. పెద్దాయన పాస్ ఉండగా గేటువాళ్ళు ఆపరు. ఆయనకి చెబుదామంటే రేడియో ముక్కలై ట్రేలో పడి ఉంది. ట్రక్కు సర్వీసు రోడ్డు మీద చుట్టు తిరిగి వెళ్ళాలి. ట్రాక్ మీదైతే రెండు నిమిషాలు.

నత్త మళ్ళీ కారెక్కాడు. బావ పక్క సీట్లో కూలబడ్డాడు. "పోనివ్వు. పెట్టె చేసే పని నేను చేస్తాను."

"నువ్వా?"

"దానికి నేర్పింది నేనే కదరా."

మళ్ళీ అదే మలుపు. ఈసారి రెండు వందల యాభై. తోక జారడం మొదలైంది. నత్త కాలు యాక్సిలరేటర్ మీద నుంచి లేవబోయింది.

"కాలు తియ్యకు!" బావ కేక పెట్టాడు. "తీస్తే బరువంతా ముందుకొస్తుంది, వెనక పట్టు తప్పుతుంది. అలాగే ఉంచు!"

నత్తకు లోపలెక్కడో చివరి అనుమానం తల ఎత్తింది. ఈ మాట తప్పయితే ఇద్దరూ గోడకే. బావ ద్రోహి అయితే తను కూడా ఈ సీట్లో ఎందుకు కూర్చుంటాడు? నత్త కాలు తియ్యలేదు. కారు ఒళ్ళంతా వణికి, నేలను పట్టుకుని, మలుపులోంచి తిన్నగా బయటపడింది.

వెనక గేటు లేస్తోంది. ట్రక్కు ముందుకి కదిలింది. నత్త హ్యాండ్ బ్రేకు లాగి కారుని గేటుకి అడ్డంగా జారించి నిలబెట్టాడు. ట్రక్కు బంపరు బావ తలుపుకి జానెడు దూరంలో ఆగింది. సడన్ బ్రేకుకి, ట్రక్కు నడుపుతున్న నెమలి స్టీరింగ్ మీద పడింది, డాష్‌బోర్డు మీదున్న ఆవిడ పిస్టల్ పాదాల దగ్గరికి జారింది. ఆవిడ వంగేలోపు నత్త తలుపు తీసి దాన్ని అందుకున్నాడు. కంచె అవతల విమానం ఇంజన్ తిరుగుతూనే ఉంది.

"పాస్ చూశారా? మీ పెద్దాయన సంతకం" అంది నెమలి.

"చూశాను. ఆయన సంతకం బరువు కూడా మా బావ తూస్తాడు లెండి."

నాలుగో టైరు కోస్తే, లోపల స్పాంజిలో చుట్టిన పెట్టె బయటపడింది. బావ దాన్ని బిడ్డలా ఒళ్ళో పెట్టుకుని నేల మీదే కూర్చుండిపోయాడు. నత్త పక్కన చతికిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

"నిన్ను అనుమానించాను బావా."

"నేనూ నిన్ను అనుమానించాను. చెల్లుకు చెల్లు."

"ఇది టాప్ సీక్రెట్. అక్కకి కూడా నిజం చెప్పకూడదు."

బావ నిట్టూర్చాడు. "మొదటి రోజే చెప్పేశానురా, తెల్లవారకముందే టైర్లు తూచడానికి వెళ్తున్నానని. అప్పటి నుంచి మీ అక్క నాతో మాట్లాడటం లేదు."