రెండు కొడితే రా, ఒకటి కొడితే ఆగు

"ఇది మూడోది!"

గువ్వ స్కూల్ బ్యాగు కూడా దించకుండా రేవులో చెక్కల దారి మీద బోర్లా పడుకుంది. చెయ్యి చాపి తమ పడవను తడిమింది. నీలం పడవ. దాని నడుము చుట్టూ పసుపు చార. పెద్ద ఓడలో ఉద్యోగానికి వెళ్లే ముందు రోజు నాన్న తన చేత్తో వేసిన చార అది. దాని మీద ఇప్పుడు తాజాగా ఒక గీత పడింది, వేలెడు పొడవున.

నాన్న వెళ్లి అయిదు నెలలైంది. రావడానికి ఇంకా ఏడు నెలలుంది. "నేను వచ్చేదాకా పడవ నీదే, జాగ్రత్త" అని చెప్పి వెళ్లాడు. అప్పటి నుంచి గువ్వకు ఒకటే పట్టుదల. నాన్న తిరిగొచ్చేసరికి పడవ ఆయన వదిలి వెళ్లినట్టే ఉండాలి. అలా ఉంటే నాన్న నిన్ననే వెళ్లినట్టు ఉంటుంది కదా!

ఆ గీతలు ఎవరి పనో కనుక్కోవడానికి పోలీసులు అక్కర్లేదు. పక్క పడవ రేవులో అందరూ "బస్సు పెద్దమ్మ" అని పిలిచే ఆవిడది.

ఆ రేవులో చోటు తక్కువ, పడవలు ఎక్కువ. పడవ నిలిపే చోటును అక్కడ స్లిప్ అంటారు. అటొక చెక్కల దారి, ఇటొక చెక్కల దారి, మధ్యలో నీళ్లు. ఆ కాసిన్ని నీళ్లలోనే రెండు పడవలు సర్దుకోవాలి. రెంటికీ మధ్య గోడా ఉండదు, కంచే ఉండదు.

పెద్దమ్మ ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైంది. ఇంట్లో కూర్చుంటే కాళ్లు పట్టేస్తున్నాయని పడవ కొనుక్కుంది. సన్నటిది కొనుక్కోవచ్చు కదా? అబ్బే, గుమ్మడికాయలా పొట్ట ఉన్నదే నచ్చింది ఆవిడకి. రోజూ స్కూలు వదిలే వేళకు చేపలు పట్టడానికి బయల్దేరుతుంది. చీకటి పడేలోపు వచ్చి, పడవను వెనక్కి నడుపుతూ స్లిప్పులోకి దూరుస్తుంది. అప్పుడే తగులుతుంది గువ్వ వాళ్ల పడవకు.

"పెద్దమ్మా, మళ్లీ గీశారు!" అని అరిచింది గువ్వ.

పెద్దమ్మ ఇంజను స్టార్ట్ చేస్తున్నదల్లా ఆగింది. "తగిలిందా తల్లీ? అయ్యయ్యో. మీ నాన్న ఉన్నన్నాళ్లూ..."

ఆవిడ ఇంకేదో చెప్పబోయింది. నాన్న మాట ఆవిడ నోట వినడం గువ్వకు ఇష్టం లేకపోయింది. ముఖం ముడుచుకుని విసవిసా వెళ్లిపోయింది.

రేవు ఒడ్డునే తెరచాపలు కుట్టే షెడ్డు ఉంది. అమ్మ అక్కడ మిషను కుడుతుంది. గువ్వ చెప్పిందంతా విని, పళ్లతో దారం తెంపి, "ఇరుకు చోటు కదే, సర్దుకుపోవాలి" అంది.

సర్దుకుపోవాలట! గువ్వ కిటికీ పక్కన కూర్చుని హోంవర్క్ తీసింది.

నాన్న ఉన్న రోజుల్లో ఈ కిటికీలోంచి సాయంత్రం పూట ఒక చప్పుడు వినిపించేది. టప్ టప్. టప్ టప్. చివర్లో ఒక్కసారే, టప్. తర్వాత అయిదు నిమిషాలకు నాన్న గుమ్మంలో ఉండేవాడు. ఆ చప్పుడు దేనిదో గువ్వ ఎప్పుడూ అడగలేదు. అది వినిపిస్తే నాన్న వస్తున్నట్టు, అంతే. ఇప్పుడు వినిపించడం లేదు. అయినా ఆ వేళకు అమ్మ మిషను ఆపుతుంది. ఒక్క క్షణం కిటికీ వైపు చూస్తుంది. మళ్లీ కుట్టుకుంటుంది.

మర్నాడు స్కూల్లో పక్కమ్మాయి బెంచీ మధ్యలో చాక్‌పీసుతో గీత గీసింది. "ఇది దాటితే నీ మోచెయ్యి నాదే" అంది.

గువ్వకు కోపం రాలేదు. ఐడియా వచ్చింది.

సాయంత్రం పెద్దమ్మ పడవ కనుమరుగయ్యేదాకా ఆగింది. షెడ్డు వెనక నుంచి ఎనిమిది ఖాళీ ప్లాస్టిక్ సీసాలు, ఒక పాత తాడు పట్టుకొచ్చింది. తాడుకు వరసగా సీసాలు కట్టింది. తాడు ఒక కొసను ఒడ్డున ఉన్న ఇనుప రింగుకు బిగించింది. రెండో కొసకు రాయి కట్టి స్లిప్పు మొదట్లో నీళ్లలోకి వదిలింది. సీసాలు బారుగా తేలాయి. నీళ్ల మీద గీత! ఇటు మాది, అటు మీది.

పొద్దు వాలుతుండగా గుమ్మడికాయ పడవ తిరిగొచ్చింది. గాలి జోరుగా ఉంది. పెద్దమ్మ మెడ సాచి వెనక్కి చూస్తూ, పడవను మెల్లగా లోపలికి తెస్తోంది. పడవ పొట్ట అడ్డొచ్చి, వెనక నీళ్లలో ఉన్న సీసాలు ఆవిడకు కనబడే వీలే లేదు. తాడు వెళ్లి నీళ్లలో తిరిగే ఇంజను పంకాకు చుట్టుకుంది. ఇంజను గుర్రుమని ఆగిపోయింది.

ఇంజను లేని పడవ గాలి మాటే వింటుంది. అది పక్కకు జరిగి, నీలం పడవను ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒరుసుకుంటూ పోయింది. కర్ర్‌ర్‌మని చప్పుడైంది. మూరెడు పొడవున పసుపు రంగు లేచిపోయింది.

పెద్దమ్మ పడవ అంచున వంగి, చేతులు భుజాల దాకా నీళ్లలో ముంచి, కత్తితో తాడు కోసింది. అరగంట పట్టింది. ఆ తర్వాత తడి చేతులతో ఒక సీసా పట్టుకుని చెక్కల దారి మీద చతికిలపడింది.

"ఎవరు కట్టారో ఏమో" అంది తనలో తను.

ఒడ్డున చాటుగా నిలబడి చూస్తున్న గువ్వ పారిపోవచ్చు. ఎవరూ చూడలేదు. కానీ లేచిపోయిన చార వైపు చూస్తుంటే కాళ్లు కదల్లేదు. ఇంకా ఏడు నెలలు కాపాడుకోవాల్సినదాన్ని తనే పాడుచేసింది.

"నేనే పెద్దమ్మా" అంది. ఏడుపు తన్నుకొచ్చింది. "మీరు మా వైపు రాకూడదని గీత గీశాను."

"నీళ్ల మీద గీతా?" పెద్దమ్మకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. తడి చేతులు తుడుచుకుంది. "నేను కావాలని తగిలిస్తానా తల్లీ? ముప్పై ఏళ్లలో కండక్టర్ లేకుండా ఒక్కసారి రివర్స్ చేసి ఎరగను. వెనకేముందో డ్రైవర్‌కి ఏం తెలుస్తుంది? ఇక్కడ మీ నాన్నే నా కండక్టర్. రోజూ అదిగో, ఆ గుంజ దగ్గర నిలబడి చేత్తో కొట్టేవాడు. రెండు కొడితే రా, ఒకటి కొడితే ఆగు. నన్ను లోపలికి దింపి కానీ ఇంటికి వెళ్లేవాడు కాదు. ఇప్పుడు అంతా అందాజే. ఆ చప్పుడు లేక నాకు ఎంత వెలితిగా ఉందో నీకేం తెలుసు!"

గువ్వకు ఒళ్లు జల్లుమంది. టప్ టప్. అయితే ఆ చప్పుడు ఇదా!

దారి చివర ఉన్న గుంజ దగ్గరకు వెళ్లింది. పైన ఒకచోట కర్ర అరిగి నున్నగా మెరుస్తోంది. నాన్న అరచేయి పడిన చోటు. గువ్వ మునివేళ్ల మీద లేచి అక్కడ చెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

మర్నాడు సాయంత్రం గుమ్మడికాయ పడవ వచ్చేసరికి గువ్వ గుంజ పక్కనే ఉంది.

"పెద్దమ్మా, రానీయండి!"

మునివేళ్ల మీద లేచి కొట్టింది. టప్ టప్. పడవ వెనక్కి కదిలింది. టప్ టప్.

షెడ్డులో మిషను ఠక్కున ఆగింది. మెడలో టేపు వేలాడుతుండగా అమ్మ గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది. అటూ ఇటూ వెతికింది. గుంజ దగ్గర గువ్వను చూసి అక్కడే నిలబడిపోయింది. గువ్వ అమ్మను చూసింది. చెయ్యి మాత్రం ఆపలేదు. టప్ టప్. ఇంకా మూరెడు ఉంది. టప్ టప్. జానెడు.

టప్.

పడవ ఆగింది. నీలం పడవకూ దానికీ మధ్య జానెడు నీళ్లు మిగిలాయి.

అమ్మ మెల్లగా దగ్గరికొచ్చింది. "ఇంకోసారి కొట్టవే" అంది.

గువ్వ రెండు కొట్టింది.

"ఇంకా రమ్మంటావా?" పడవలోంచి కేకేసింది పెద్దమ్మ. "ఒడ్డెక్కించేస్తావా ఏంటి నన్ను!"

అమ్మ కళ్లు తుడుచుకుంటూనే పకపకా నవ్వింది. గువ్వ గబగబా ఒకటి కొట్టింది.