తిరగకూడని ఫ్యాన్

శవం కుర్చీలో కూర్చుని ఉంది.

టైము సాయంత్రం 6:14. జనవరి పదిహేడు, ఇక్కడ నడివేసవి. బయట వాలరూ రేవు మీద నలభై నాలుగు డిగ్రీల ఎండ ఇంకా దిగలేదు. లోపల హాల్లో మాత్రం చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకునేంత చల్లగా ఉంది.

చనిపోయినవాడు లైల్ పెన్‌హాల్. డెబ్బై ఒకటి. టౌన్ కౌన్సిల్లో శబ్దాల ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఎవరి కుక్క ఎంతసేపు మొరిగింది, ఎవరి షెడ్డులో సుత్తి ఎన్ని డెసిబెల్స్ మోగింది, కొలిచి నోటీసులివ్వడం ఆయన ఉద్యోగం. ఉద్యోగం పోయినా కొలత పోలేదు. మీటరు చొక్కా జేబులోనే ఉంది.

ఎదురుగా పెద్ద టీవీ. దాని కింద నల్లటి కంప్యూటర్ పెట్టె. సంగీతం ఎప్పుడో అయిపోయి తెర నల్లబడింది.

"వడదెబ్బ," అన్నాడు కానిస్టేబుల్ గిలెస్పీ. యాభై నాలుగేళ్లవాడు. తనకంటే పదకొండేళ్లు చిన్నదైన పై అధికారిని ఆటపట్టించే హక్కు వయసు ఇచ్చిందని అతని నమ్మకం. "ముసలి గుండె. ఏసీ కట్టేసుకున్నాడు. ఫైలు రేపే మూసేయొచ్చు సార్జెంటమ్మా."

డిటెక్టివ్ సార్జెంట్ వెర్నా నోస్కే హాలంతా ఒకసారి కలియజూసింది.

ఈ గడప ఆమె ఇంతకుముందు ఒకసారి తొక్కింది. రెండేళ్ల క్రితం, ఫిబ్రవరి మూడున. లైల్ తమ్ముడు రాస్ వెనకవైపు రేకుల గదిలో పోయాడు. గోధుమ గిడ్డంగుల్లో ముప్ఫై ఏళ్లు దుమ్ము పీల్చిన మనిషి. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. ఆ రోజూ ఎండే. 'అనుమానాస్పదం ఏమీ లేదు' అని రాసి వెర్నా సంతకం పెట్టింది. ఇరవై నిమిషాల పని.

ఈ చావులో మెలిక ఉంటే ఆ చావునీ తవ్వాలి. తవ్వితే మొదట బయటపడేది తన సంతకం. గిలెస్పీ మాటే విందామనిపించింది. అనిపించినందుకు ఆమెకి తన మీదే అసహ్యం వేసింది.

వంటింటి గుమ్మంలో గ్వెండా పెన్‌హాల్ నిలబడి ఉంది. రాస్ భార్య. అరవై ఆరు. మొగుడు పోయాక కూడా బావగారింట్లోనే ఉండిపోయి ఆయనకి వండిపెట్టింది. ఎందుకు ఉండిపోయిందో ఊళ్లో ఎవరూ అడగలేదు.

"మీరు ఎన్నింటికి బయటికెళ్లారు?"

"ఒంటిగంటా పదిహేనుకి."

"ఎక్కడికి?"

"పక్క ఊరికి, కడైనా లైబ్రరీకి. చల్లగా ఉంటుంది. అక్కడ నోరు మూసుకునే ఉండాలి, నాకదీ అలవాటే."

"తిరిగొచ్చింది?"

"ఆరుకి పది నిమిషాలు."

"ఏసీ?"

"ఆపేసి ఉంది. సంగీతం పెట్టుకుంటే ఆపేస్తాడు. ఆ రొదలో సన్నటి వయొలిన్ వినపడదట. రాగానే నేనే వేశాను."

"మధ్యాహ్నం ఏం తిన్నారాయన?"

"మాంసం కూరి కాల్చిన పాస్టీ. టీ. నేనే చేశాను."

"ఇంకేమైనా గమనించారా?"

గ్వెండా టీవీ కింది పెట్టె వైపు చూసింది. "నేనొచ్చేసరికి దాన్లో ఫ్యాన్ తిరుగుతోంది. బుస్సుమని, ఆగకుండా. ఆ చప్పుడంటే ఆయనకి ప్రాణాంతకం. చివరికి అది వింటూనే పోయాడు, పాపం."

ఆ 'పాపం'లో తడి లేదు. వెర్నా రాసుకుంది. అర్థం అప్పుడు కాలేదు.

*

మర్నాడు ఉదయం 9:30. కడైనాలో కంప్యూటర్ షాపు నడిపే ఫెర్గస్ డే ఆ పెట్టెని హాల్లోనే నేల మీద పెట్టి విప్పాడు.

"ఈ గ్రాఫిక్స్ కార్డు కోసం నాలుగు నెలలు నా ప్రాణం తోడేశాడు. నా రెండో పెళ్లాన్ని కూడా నేను ఇంత వెతకలేదు."

"అంత పెద్దదా?"

"పెద్దదెందుకు? టీవీలో బొమ్మ రావాలి, అంతే. కానీ హాల్లో పెట్టుకునేది కదా, చప్పుడు ఉండకూడదు. మొదటి కార్డు తిప్పి పంపాడు, ఫ్యాన్ వినపడుతోందని. అసలు ఫ్యానే లేనిదిచ్చాను. అదీ పంపాడు. దాని తీగచుట్టలు సన్నగా కూస్తున్నాయట. నా చెవికైతే చచ్చినా వినపడలేదు. ఇది మూడోది. చూడండి, ఈ అల్యూమినియం రెక్కలు ఎంత లావో. వేడి వాటికవే లాగేస్తాయి. ఫ్యాన్ ఉంది, కానీ అరవై డిగ్రీలు దాటేదాకా తిరగదు. తెలియనివాళ్లు ఫ్యాన్ తిరగట్లేదు, పాడైపోయిందని వాపసు తెస్తారు."

"అరవై ఎప్పుడు దాటుతుంది?"

"ఆటలు ఆడితే. సంగీతం, సినిమాలకైతే గది వేడి కంటే ఇరవై మూడు ఎక్కువ, అంతే. మేమిద్దరం కలిసే కొలిచాం. గది ఇరవై నాలుగుంటే కార్డు నలభై ఏడు."

వెర్నా మనసులో లెక్క వేసింది. గది ముప్ఫై ఏడు దాటితే ఫ్యాన్ మొదలవుతుంది.

"ఎప్పుడు మొదలైందో తెలుస్తుందా?"

ఫెర్గస్ నవ్వాడు. "ఆయన సంగతి మీకు తెలీదు. నిమిషానికోసారి కార్డు వేడి నమోదయ్యేలా లాగ్ పెట్టించాడు."

తెర మీద అంకెల వరసలు. పదిహేడో తారీఖు. 1:20 దాకా నలభై ఏడు దగ్గరే ఉంది. తర్వాత ఎక్కడం మొదలు. 2:52కి అరవై ఒకటి, ఫ్యాన్ మొదలు. 5:18కి ఫ్యాన్ ఆగింది. వెర్నా కాగితం తీయించుకుంది.

కుర్చీ పక్క సొరుగులో లావుపాటి నోట్‌బుక్కు దొరికింది. ఇంట్లో మోగే ప్రతి వస్తువుకీ ఒక కొలత. ఫ్రిజ్. గోడ గడియారం. పక్కింటి గేటు. కార్డుల గురించి పదహారు పేజీలు. 'డిసెంబర్ 9. తెల్లవారుజామున 3:40. ఏదో అప్‌డేట్ వల్ల ఫ్యాన్ తిరిగింది. రెండు గదుల అవతలి నుంచి నిద్రలో విని లేచాను. ఆపేశాను.'

వెర్నా ఆ వాక్యం దగ్గర ఆగిపోయింది.

"రెండు గదుల అవతల నిద్రపోతున్నవాడు లేచాడు," అంది. "మూడు మీటర్ల దూరంలో కూర్చున్నవాడు రెండున్నర గంటలు కదల్లేదు."

"స్పృహ తప్పాడేమో వేడికి," అన్నాడు గిలెస్పీ.

"2:52కి గది ముప్ఫై ఎనిమిదే. మనం నిన్న పెట్రోల్ బంకులో అంతకంటే వేడిలో నిలబడి ఐస్‌క్రీమ్ తిన్నాం. రక్తం పరీక్షకి పంపు. నిద్రమందు చూడమను."

ఆమె నోట్‌బుక్కు వెనక్కి తిప్పింది. రెండేళ్ల నాటి పేజీ. అదే చేతిరాత, అదే సిరా. 'జనవరి 29. రాస్ ఆక్సిజన్ మెషిన్. గోడకి ఇవతల 41 డెసిబెల్స్. వెనక గదికి మార్చాను.'

ఫ్రిజ్‌కి పైన, గేటుకి కింద తమ్ముడు.

వెనక గది. రేకుల పైకప్పు, ఒక్క కిటికీ. ఏసీ లేదు. రెండేళ్ల క్రితం ఆ గదిలో ఆమె నిలబడింది. చెమట తుడుచుకుంది. త్వరగా బయటపడాలని మాత్రమే అనుకుంది.

తప్పు చేసినవాడికి పట్టుబడతానన్న భయం ఉంటుంది. తప్పుని చూడకుండా దాటేసినవాడికి ఆ భయం కూడా ఉండదు. హాయిగా నిద్రపడుతుంది. వెర్నాకి ఈ రెండేళ్లూ బాగానే నిద్రపట్టింది.

తర్వాతి పేజీ తిప్పకుండా పుస్తకం మూసేసింది.

*

గురువారం రిపోర్టు వచ్చింది. రక్తంలో నిద్రమందు. మామూలు మోతాదుకి నాలుగింతలు. వాలరూలో సగం మంది ముసలివాళ్ల అలమారాల్లో ఉండే మందే.

శనివారం ఉదయం పది గంటలకి ముగ్గురూ అదే హాల్లో ఉన్నారు. గ్వెండా సోఫాలో. ఫెర్గస్ స్టూలు మీద. పక్కింటి కెవ్ నాన్కివెల్ తలుపు దగ్గర చేతులు కట్టుకుని. పదిహేనేళ్ల క్రితం అతని కార్ల రిపేరు షెడ్డుని మూయించింది లైల్ మీటరే.

"చచ్చాడని విని బీరు తెరిచాను," అన్నాడు కెవ్ ఎవరూ అడక్కుండానే. "దాచేదేముంది? మొదటి గుక్క కొంచెం గట్టిగానే మింగాను, వినపడుతుందేమోనని."

"పదిహేడున ఈ ఇంటికొచ్చారా?"

"పన్నెండింటికి. కంచె మీంచి జింజర్ బీర్ సీసా ఇచ్చాను."

"లైల్‌కా?"

"ఆయనకిస్తే మూత చప్పుడుకి నోటీసిస్తాడు. గ్వెండాకి."

"ఫెర్గస్, మీరు?"

"పదకొండుకొచ్చా. కంప్యూటర్ పెట్టెకి దుమ్ము జల్లెడ మార్చా. పావుగంటలో పోయా."

"అంటే మందు కలిపే వీలు ముగ్గురికీ ఉంది," అంది వెర్నా. "పగ కూడా ఉంది, ఎవరికి తగ్గంత వాళ్లకి. అందుకని నేను అది వెతకలేదు. మీ ముగ్గుర్నీ మొదటిసారి కలిసినప్పుడే ఏం గమనించారని అడిగాను. కెవ్, మీరేం చెప్పారు?"

"ఏమీ వినపడలేదన్నాను. ఈ ఇంట్లోంచి ఎప్పుడైనా వినపడిందా?"

"గ్వెండా, మీరు ఫ్యాన్ చప్పుడు విన్నానన్నారు."

"విన్నాను."

"ఎప్పుడు?"

"ఇంటికి రాగానే. ఆరుకి పది నిమిషాలప్పుడు."

వెర్నా లాగ్ కాగితం సోఫా చేతి మీద పెట్టింది. "మేమంతా 2:52 దగ్గరే ఆగిపోయాం. ఎందుకు లేవలేదా అని. చూడాల్సింది ఈ రెండో అంకె. 5:18. ఫ్యాన్ ఆగిపోయింది. గది ముప్ఫై ఏడుకి దిగితేనే అది ఆగుతుంది. అంటే ఐదు దాటగానే ఎవరో ఏసీ వేశారు. ఆరుకి పది నిమిషాలప్పుడు ఈ పెట్టె నిశ్శబ్దంగా ఉంది, గ్వెండా. ఆ చప్పుడు వినాలంటే 2:52కీ 5:18కీ మధ్య ఈ హాల్లో ఉండాలి."

కెవ్ గ్వెండా వైపు చూశాడు.

"ఆరుంబావుకి నేను అడుగుపెట్టినప్పుడు వణుకొచ్చింది," అంది వెర్నా. "ఇరవై నాలుగు నిమిషాల్లో అంత చలి రాదు. అది నా ఒంటికి తెలిసింది. నాకు తెలియలేదు."

గ్వెండా కాగితం తీసి చూసింది. కళ్లజోడు లేదు కాబట్టి అంకెలు కనపడి ఉండవు. అయినా చూసింది.

"వెర్రిదాన్ని," అంది నెమ్మదిగా. "ఆ ఒక్క మాటా మింగేసుంటే సరిపోయేది."

"ఎందుకు చెప్పారు?"

"ఎవరికో ఒకరికి తెలియాలి కదా, అమ్మాయ్. రెండేళ్లు అనుకున్న పని. చేశాక చెప్పుకోడానికి మనిషి లేకపోతే ఎలా? ఆ ఫ్యాన్ తిరుగుతుందని నేననుకోలేదు కూడా. అది నాకు దేవుడిచ్చిన కానుక."

"మీరు ఇక్కడే ఉన్నారు."

"ఇదిగో, ఇక్కడే. మెడకి తడి తువ్వాలు చుట్టుకుని. రాస్ పక్కన ఎవరూ లేరు ఆ రోజు. టిక్కుమనని గోడ గడియారం కొనుక్కురమ్మని లైల్ నన్ను కడైనా పంపాడు. నేనొచ్చేసరికి మెషిన్ తిరుగుతూనే ఉంది, మనిషి లేడు. అందుకని ఈయన్ని ఒంటరిగా వదలబుద్ధి కాలేదు. ఐదింటికి అయిపోయింది. నాకూ కళ్లు తిరుగుతున్నాయి. ఏసీ వేశాను."

కెవ్ టోపీ తీసి చేతిలో నలిపాడు. "గ్వెండా, నాతో ఒక్క మాట చెప్పాల్సింది."

"నువ్వు అరుస్తావు కెవ్. ఊరంతా వినపడేది."

ఆమె వెర్నా వైపు తిరిగింది.

"ఆ రోజు నువ్వు నన్ను నాలుగు ప్రశ్నలడిగావు. పేరు. వయసు. జబ్బు. ఎన్నింటికి చూశారు. ఇంట్లో ఏసీ ఉన్న గదులు మూడుంటే, ఊపిరాడని మనిషి ఆ రేకుల కింద ఎందుకున్నాడని అడగలేదు. ఎప్పుడో గుర్తొచ్చి వస్తావని అనుకున్నా. కారు ఆగితే కిటికీ దగ్గరికెళ్లి చూసేదాన్ని. నువ్వు అడిగుంటే లైల్ ఈపాటికి బతికే ఉండేవాడు, జైల్లో, అందరి గురకల మధ్య. నాకది చాలు."

వెర్నా లేచి నిలబడింది. అరెస్టు చేసేటప్పుడు చెప్పాల్సిన నాలుగు వాక్యాలు చెప్పింది. అవి కంఠతా వచ్చు కాబట్టి వచ్చాయి.

*

స్టేషన్లో 11:40కి గిలెస్పీ ఆమెని వరండాలో ఆపాడు.

"రాస్ ఫైలు బయటికి తీయమని రాశావు. సరే. బాధ్యులైన అధికారి అన్నచోట నీ పేరెందుకు? హత్య కేసు తేల్చావు, వెర్నా. మెడల్ తీసుకుని ఇంటికి పో."

"పంపించు."

"ఆ కాగితం వెళ్తే నువ్విక ఈ కేసులో ఉండవు."

"రేపు వెళ్తుంది కదా. ఇవాళ ఉన్నాను."

ఇంటర్వ్యూ గది. రికార్డర్ వెలిగింది. వెర్నా తారీఖు చెప్పింది, టైము చెప్పింది, గదిలో ఉన్నవాళ్ల పేర్లు చెప్పింది.

"శ్రీమతి పెన్‌హాల్. మీ భర్త రాస్ వెనక గదిలో ఎందుకున్నాడు?"

గ్వెండా బల్ల మీది నీళ్ల గ్లాసుని చూసింది. ముట్టుకోలేదు. నిమిషం గడిచింది. రెండు. టేపు మీద ఏమీ పడటం లేదు.

"మీరు చెప్తే రికార్డవుతుంది," అంది వెర్నా. తన గొంతు బతిమాలుతున్నట్టు ఆమెకే వినపడింది. "రెండేళ్లు ఆలస్యమైంది. నాకు తెలుసు."

"నేను చెప్పను. ఆ పుస్తకం నీ చేతిలోనే ఉంది కదా. ఆయనే రాసిపెట్టాడు. చదువు."

"నేను చదివాను."

"మనసులో కాదు. పైకి. గట్టిగా చదువు. నీ గొంతుతోనే పడాలి."

గిలెస్పీ కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. వెర్నా నోట్‌బుక్కు తెరిచింది.

"జనవరి ఇరవై తొమ్మిది. రాస్ ఆక్సిజన్ మెషిన్. గోడకి ఇవతల నలభై ఒక్క డెసిబెల్స్. వెనక గదికి మార్చాను."

"తర్వాతది."

ఆ పేజీ ఆమె ఇంతవరకు తిప్పలేదు. తిప్పింది. ఒకే ఒక్క పంక్తి ఉంది.

"ఫిబ్రవరి నాలుగు," అని ఆగింది. "ఇల్లు మొత్తం. పంతొమ్మిది డెసిబెల్స్. చాలా బాగుంది."

గ్వెండా కళ్లు మూసుకుంది. ముఖంలో ఏ కండరమూ కదల్లేదు.

"ఇంకోసారి," అంది.

వెర్నా మళ్లీ జనవరి పేజీకి తిప్పి చదవడం మొదలుపెట్టింది.