మ్యాప్‌లో ఉన్న వంతెన

లోహిత్ జీపు దొరికిన రోజు పొద్దు బాగా ఎక్కినా దివిసీమ మీద పొగమంచు విడలేదు. నాగాయలంక దిగువన, కృష్ణా నది పాయ వంపు తిరిగే చోట, మడచెట్ల వేళ్లు జీపును పట్టి ఆపాయి. అది ఎక్కడ నీళ్లలో పడిందో ఎవరికీ తెలియదు. ప్రమాద నివేదికలో ఒకే వాక్యం రాశారు: డ్రైవరు దారి తప్పాడు.

ఏజెంట్ నతానియేలు ఆ వాక్యం చదివి కాగితాన్ని బోర్లా పెట్టాడు. నిఘా శాఖలో చేరినప్పటి నుంచి అతనూ లోహిత్ ఒకే జట్టు. సొంత ఊరికి వెళ్లినా ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని, అది చెప్పినట్టే నడిపే మనిషి లోహిత్.

నెల తర్వాత చీఫ్ శోభనాద్రి పిలిచాడు. గుడివాడలో రైసు మిల్లు బోర్డు వెనక ఉంది వాళ్ల ఆఫీసు.

"రేపు పొద్దున్న బందరు నుంచి ఒక వ్యాను బయల్దేరుతుంది. పైకి రొయ్యల వ్యాను. లోపల క్షిపణి గైడెన్స్ యూనిట్. నాగాయలంక అవతల మన ట్రాకింగ్ స్టేషన్‌కి చేరాలి. లోహిత్ ఆచూకీ తీస్తూ వచ్చిన విదేశీ ముఠాకి కావలసింది అదే."

"ఎస్కార్ట్?"

"లేదు. వైర్‌లెస్ లేదు, ఫోన్ లేదు. డాష్‌బోర్డు మీద జీపీఎస్, అది చూపించే ఆన్‌లైన్ మ్యాప్. అంతే. ఆ రోడ్డున తిరిగే రొయ్యల వ్యాన్లలో అదేదో నాకూ తెలీదు. దారిలో అడ్డం వచ్చినవాణ్ణి కాల్చమని ఆర్డరు. నువ్వు ముందుగా వెళ్లి దారి చూడు. ఢిల్లీ నుంచి మ్యాపింగ్ కన్సల్టెంట్ వచ్చారు. పేరు ఐశ్వర్య."

మర్నాడు ఐశ్వర్య ఆ మంచులోనూ నల్ల కళ్లద్దాలతో వచ్చింది. తెల్ల లినెన్ చీర. ఆమె సెంటు జీపంతా ఆక్రమించింది.

"దివిసీమ రావడం నాకిదే మొదటిసారండీ. మీరు నడపండి, నేను మ్యాప్ చూసి చెప్తాను."

"వద్దండీ. స్టీరింగ్ మీరు తీసుకోండి. మ్యాప్ నేను చూస్తాను."

అవనిగడ్డ దాటాక ఫోన్ ఎడమకి తిరగమంది.

"ఇది కాలువగట్టు కదా! మెయిన్ రోడ్డు మీదే వెళ్దామండీ."

"వ్యానుకి ఈ మ్యాప్ ఏ దారి చూపిస్తుందో మనకీ అదే దారి."

ఆమె స్టీరింగ్ తిప్పింది. మలుపులోనే, గట్టు మీద కుప్ప నూర్పిళ్లకి వెళ్తున్న ట్రాక్టరును దాటారు. దాని వెనక తగిలించిన ట్రక్కు నిండా ఆడవాళ్లు.

"వంతెన మీదుగా నేరుగా వెళ్లండి," అంది ఫోన్.

ఎదురుగా తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. బానెట్ చివరే కంటికి ఆనడం లేదు. ఐశ్వర్య కాలు బ్రేకు మీద పడింది. జీపు కీచుమని ఆగింది.

నతానియేలు తలుపు తీసి దిగాడు. నాలుగడుగులు వేసేసరికి కాలి కింద మట్టిపెళ్ల జారి నీళ్లలో పడింది. అక్కడ వంతెనే లేదు. తెర మీద మాత్రం నల్లటి కొత్త వంతెన, దాని ఫోటోలు, మెచ్చుకుంటూ ఎవరెవరో రాసిన వ్యాఖ్యలు. లోహిత్ దారి తప్పలేదు. చెప్పిన దారినే వెళ్లాడు.

"మొదటిసారి వచ్చిన మనిషికి, ఈ మంచులో, నీళ్లెక్కడ మొదలవుతాయో ఎలా తెలిసింది?" అన్నాడతను జీపు దగ్గరికి తిరిగొచ్చి.

ఐశ్వర్య చెయ్యి సంచిలోని లిప్‌స్టిక్ కోసం వెళ్లింది. అతని చెయ్యి ముందే వెళ్లింది. లిప్‌స్టిక్ గొట్టంలో రంగు లేదు, ఒక తూటా ఉంది.

"ఇప్పుడు తెలుసుకుని ఏం చేస్తావు?" ఆమె గొంతులోంచి ‘అండీ’ ఎగిరిపోయింది. "వ్యాను అవనిగడ్డలో ఉంటుంది ఈపాటికి. కింద పడవలో మావాళ్లున్నారు. మీ లోహిత్ చాలాసేపే ఈదాడట. చూస్తూ కూర్చున్నారు."

నతానియేలు ఆమె చేతికి బేడీ వేసి స్టీరింగుకి తగిలించాడు.

మ్యాప్ దిద్దించాలంటే రోజులు పడుతుంది. ట్రాక్టరు అడ్డం పెడితే వ్యానులోవాళ్లు కాలుస్తారు, ట్రక్కులో ఆడవాళ్లున్నారు. తెర మీద అవనిగడ్డ సెంటర్ ఎర్రగా మెరుస్తోంది. ఎరుపంటే ట్రాఫిక్. ట్రాఫిక్ అంటే మెల్లగా కదిలే ఫోన్లు. మ్యాప్‌కి తెలిసింది అంతే.

అతను వెనక్కి పరుగెత్తాడు.

"ఆపు పెద్దిరాజూ, ఎవడో వస్తన్నాడు!" కూలీల మేస్త్రి భాగ్యమ్మ ట్రక్కులోంచి వంగి చూసింది. "ఏవయ్యా, పొద్దున్నే ఏం తాగావు?"

"గవర్నమెంటు పని అత్తా. అందరూ ఫోన్లు తియ్యండి. మ్యాప్ పెట్టి నాగాయలంకకి దారి అడగండి."

"నేను పుట్టిందే నాగాయలంకలో. నాకు చెప్పుద్దా అది దారి?"

ట్రక్కంతా గొల్లున నవ్వింది.

"మనుషుల ప్రాణాలత్తా. దణ్ణం పెడతాను. ట్రాక్టరు నత్తలా నడవాలి."

భాగ్యమ్మ అతని మొహం చూసి నవ్వు ఆపేసింది. "తియ్యండే ఫోన్లు! పెద్దిరాజుకి చెప్పక్కర్లా, ఎప్పుడూ అట్టాగే నడుపుతాడు."

"నాకు డేటా అయిపోయిందే పిన్నీ!" అందొక పిల్ల.

"నాది వాడుకో. మళ్లీ రీల్సు చూశావంటే చంపుతా."

ట్రాక్టరు కదిలీ కదలనట్టు కదిలింది. ట్రక్కు నిండా ఒకే గొంతు "నేరుగా వెళ్లండి" అంటోంది. నతానియేలు మలుపు దాకా పరుగెత్తి తుప్పల వెనక నక్కాడు. తెర మీద గట్టు నీలంగానే ఉంది.

మంచులో రెండు లైట్లు. రొయ్యల వ్యాను. ఎడమ ఇండికేటర్ కొట్టుకుంటోంది. ముందు చక్రం గట్టు వైపు తిరిగింది.

నీలం నారింజ అయింది. నారింజ ఎరుపయింది.

వ్యాను ఆగింది. "ఈ గట్టు మీద ట్రాఫిక్ ఏంట్రా బాబూ!" అన్నాడు డ్రైవరు. ఇండికేటర్ ఆరింది. వ్యాను వెనక్కి జరిగి మెయిన్ రోడ్డు పట్టుకుని సాగిపోయింది.

మంచు విడేసరికి ముఠా పడవను నతానియేలు కబురుతో వచ్చిన మెరైన్ పోలీసులు చుట్టుముట్టారు.

"బాగా చేశావు," అన్నాడు శోభనాద్రి. "కానీ ఎక్కడా రాయడానికి లేదు."

"లోహిత్ నివేదిక సార్?"

"అది మారిస్తే ఎందుకు మార్చామో చెప్పాలి. కొన్నాళ్లు ఆగు."

వంతెన తీసెయ్యమని మ్యాప్ కంపెనీకి నతానియేలు రాశాడు. మీ సూచన పరిశీలనలో ఉంది, దారి చూపడంలో సాయపడినందుకు ధన్యవాదాలు అని జవాబు వచ్చింది.

నివేదికా, మ్యాపూ రెండూ ఇంకా దిద్దాల్సే ఉంది.