నల్లబడ్డ బావి నీళ్ళు

పొద్దున్నే కోడలు వంటింటి కిటికీలో ఉన్న చిన్న సీసాను వెలుతురుకి ఎత్తి చూసింది. రెండు రోజుల క్రితం పెరటి బావి నీళ్ళు పోసి, మురుగు కలిస్తే నీళ్ళు నల్లబడేలా మందు పట్టించిన కాగితం వేసి మూత బిగించిన సీసా అది. నీళ్ళు సిరాలా నల్లబడి ఉన్నాయి.

ఆమె నీటి సరఫరా ఆఫీసులో ఓవర్సీరు. ఏడాదిగా దూరవిద్యలో పైచదువు చదువుతోంది. బీద దేశాల జనానికి మంచినీళ్ళు ఎలా అందించాలి, మురుగు ఎలా తప్పించాలి అనే ఇంజనీరింగ్. ఇంట్లో అందరూ దాన్ని "పాయిఖానా చదువు" అని ఆటపట్టించేవారు. ఈసారి ఆ చదువులో భాగంగా ఎవరింటి నీళ్ళు వాళ్ళే పరీక్షించి రాయమన్నారు.

"మొహం అలా పెట్టావేం?" బస్సు డ్యూటీకి తయారవుతూ అడిగాడు భర్త.

"మన బావిలోకి దొడ్డి మురుగు దిగుతున్నట్టుందండీ. పాపకి వానలు మొదలయ్యాక మూడుసార్లు కడుపు చెడింది."

"నాన్న చెవిన వెయ్యకు. ఆ పాయిఖానా గుంట ఆయన చేతులతో కట్టింది."

"ఏమిట్రా నా చెవిన వెయ్యకూడనిది?" మామగారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. నలభై ఏళ్ళు మేస్త్రి పని చేసిన మనిషి. ఆ వీధిలో సగం గోడలు ఆయన లేపినవే.

కోడలు సీసా చూపించింది. "గుంటకీ బావికీ మధ్య పదిహేను మీటర్లన్నా ఉండాలని మా పుస్తకంలో ఉంది మామయ్యా. మనకి ఆరే ఉంది. పైగా ఇసక నేల, మురుగు తొందరగా పాకుతుంది."

"నేనీ గుంట తవ్వేనాటికి నువ్వు పుట్టలేదు. పుస్తకం చూసి పని చెప్పేవాళ్ళని చాలామందిని చూశాను. ఒక్కరికీ ఇటుక పేర్చడం రాదు."

"నాకూ రాదు మామయ్యా. కానీ నీళ్ళు నేల లోపల ఎటు పోతాయో పైనుంచి ఎవరికీ కనిపించదు. మీకైనా, నాకైనా. అందుకే ఈ పరీక్ష."

ఆయన టీ ముట్టుకోకుండా పెరట్లోకి వెళ్ళిపోయారు. "చెప్పానా?" అన్నట్టు చూసి భర్త డ్యూటీకి వెళ్ళాడు. పాపకి కాచిన నీళ్ళు పట్టించి, కాసేపాగి ఆమె కూడా పెరట్లోకి నడిచింది. మామగారు బావి గట్టు మీద తల వంచుకుని కూర్చున్నారు.

"అమ్మాయ్," అన్నారు తలెత్తకుండానే. "ఈ గుంట కట్టిన ఏడాదే మీ ఆడపడుచు పోయింది. నాలుగేళ్ళ పిల్ల. వాంతులూ విరేచనాలూ, రెండే రోజులు. దాహం దాహం అంటుంటే ఈ నీళ్ళే తోడి పట్టించాను. దీనివల్లేనా?"

భర్తకి ఒక చెల్లెలు ఉండేదని ఆమెకి తెలుసు. ఎలా పోయిందో ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. కాదని ఒక్క మాట అంటే ఆయన మనసు తేలికపడేది. ఆ మాట ఆమె నోటికి రాలేదు.

"తెలియదు మామయ్యా. అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. మీకు ఆనాడు ఈ సంగతి చెప్పినవాళ్ళు లేరు. దాహమన్న బిడ్డకి నీళ్ళిచ్చారు, అంతే."

ఆయన ఏడ్చేశారు. ఆమె పక్కన కూర్చుని, సున్నంతో బరకబారిన ఆ చెయ్యి పట్టుకుంది. ఆఫీసు వేళ దాటిపోతున్నా లేవలేదు.

చాలాసేపటికి ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు. "ఈ గుంట పూడ్చేద్దాం. కొత్తది ఎక్కడ తవ్వాలో నువ్వు గీత గియ్యి, కట్టడం నేను చూసుకుంటాను." ఆగి మళ్ళీ అన్నారు. "ఈ వీధిలో ఇలాంటివి పదకొండు కట్టానమ్మా."

ఆ ఆదివారం ఇద్దరూ పక్కింటి తలుపు తట్టారు. ఆ ఇంటావిడ చంకలో పిల్లాడితో వచ్చి, "రండి మేస్త్రిగారూ, ఏమిటిలా వచ్చారు?" అంది.

ఆయన చెప్పులు విడిచి, ఒక క్షణం ఆ పిల్లాడి వంక చూశారు.

"మీ గుంట నేను తెలియక తప్పుచోట కట్టానమ్మా," అన్నారు. "మా కోడలు చదువుకుంది. ఎలా సరిచెయ్యాలో తను చెబుతుంది. కాస్త వినండి."